నోరు లేని జీవి కాపలా

మా శ్రీకాకుళం వైపు అమీబా అంటే ఒక జబ్బు పేరు. కడుపులో అమీబా ఉందని డాక్టర్ చెప్పారు అంటారు, మెట్రోనిడజోల్ కోర్సు వాడతారు, నాలుగు రోజులు మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు, దాంతో ఆ మాట మళ్ళీ కడుపు నొప్పొచ్చేదాకా ఎవరికీ గుర్తుండదు. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పిల్లలు అమీబా బొమ్మ చక్కగా వేస్తారు, మిథ్యాపాదాలు, కేంద్రకం, ఆహార రిక్తిక, సంకోచ రిక్తిక అని గీతలు లాగి పేర్లు రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. కానీ ఆ జీవిని చూసి ఆశ్చర్యపోయిన పిల్లలు తక్కువ. ఈమధ్య ఒకబ్బాయి తాతగారు స్కూలుకొచ్చి, గోడ మీద చార్టు చూసి, "ఏటి టీచరమ్మా, ఈ పురుగు బొమ్మ పిల్లలకెందుకు, దీన్ని సంపే మందు పేరు సెప్తే సాలదేటి?" అని అడిగారు. ఆయన బంక విరేచనాలతో బాగా నలిగిపోయిన మనిషి, ఆ కోపం న్యాయమైనదే. ఆయనకి అక్కడ నిలబడి రెండు ముక్కలు చెప్పగలిగాను గానీ, ఆ ప్రశ్నకి అసలు జవాబు చాలా పెద్దది, అందుకే ఈ పోస్టు.

ముందు ఒకటి స్పష్టంగా చెప్తాను. పేగుల్లో జబ్బు చేసేది ఎంటమీబా హిస్టోలిటికా, దాన్ని 1875లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదోర్ లోష్ అనే వైద్యుడు ఒక రోగి విరేచనంలో చూసి వర్ణించాడు. అమీబాలన్నీ అలాంటివి కావు. ఎక్కువ భాగం మట్టిలో, చెరువు అడుగు బురదలో, కుళ్ళిన ఆకుల కింద బతుకుతూ, రోజంతా బ్యాక్టీరియాని తింటూ, మన జోలికే రాకుండా పోతాయి. నేను చెప్పబోయేది అలాంటి ఒక మట్టి అమీబా గురించి. పేరు డిక్టియోస్టీలియం డిస్కాయిడియం, పరిశోధకులు ముద్దుగా డిక్టీ అంటారు, నేనూ అదే అంటాను.

అమెరికాలో నార్త్ కరోలినా అడవుల్లో రాలిన ఆకుల మధ్య దొరికిన ఈ జీవిని కెన్నెత్ రేపర్ 1935లో ప్రపంచానికి పరిచయం చేశాడు. ఒక్కో కణం మిల్లీమీటరులో వందో వంతు ఉంటుంది, అంతే. దీని కుటుంబం మన దేశానికి కొత్తదేమీ కాదు, దక్షిణ భారతదేశంలో మొక్కల వేళ్ళ చుట్టూ ఉండే మట్టిలో ఈ కుటుంబపు అమీబాలున్నాయని వి. అగ్నిహోత్రుడు 1956లోనే రాశారు, ఆ తర్వాత బెంగళూరు శాస్త్రవేత్తలు ముదుమలై అడవుల్లో మట్టి నుంచీ జంతువుల పేడ నుంచీ కూడా వీటిని తీశారు. మా పొలాల్లో ఉభాలకి (నాట్లకి) ముందు గత్తం (పశువుల ఎరువు) తోలి చల్లిన మట్టిలో వీటి చుట్టాలు ఉండి తీరతాయని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు, నరాలు లేవు, మెదడు అన్నమాటే లేదు. మరి మట్టి రేణువుల మధ్య ఎక్కడ బ్యాక్టీరియా ఉందో దీనికి ఎలా తెలుస్తుంది? తెలిశాక, ఇది ఇసుక రేణువు, ఇది బ్యాక్టీరియా అని తేడా ఎలా పడుతుంది? ఈ పనంతా చేసేవి కణత్వచంలో, అంటే కణం పైపొరలో, గుచ్చుకుని ఉండే ప్రోటీన్లు. పుస్తకాల్లో వీటిని గ్రాహకాలు అంటాం, క్లాసులో రిసెప్టర్లు అనే అనేస్తాం. ఒక కొస కణం బయట ఉంటుంది, ఇంకో కొస లోపల. బయట కొసకి సరిపడే పదార్థం వచ్చి అతుక్కుంటే ప్రోటీన్ ఆకారం కొద్దిగా మారుతుంది, ఆ మార్పు లోపలి కొసకి పాకి, కణంలో ఇంకో ప్రోటీన్‌ని కదిలిస్తుంది, అది ఇంకోదాన్ని. కణానికి కబురు అందడం అంటే ఇదే.

బ్యాక్టీరియా నుంచి చుట్టూ ఉన్న తేమలోకి చిన్న చిన్న పదార్థాలు కారుతూ ఉంటాయి, వాటిల్లో ఒకటి ఫోలిక్ యాసిడ్. అవును, గర్భిణులకి మన ఏఎన్ఎం అమ్మలు ఇంటికొచ్చి ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో ఉండేదే. డిక్టీ ఈ ఫోలిక్ యాసిడ్ జాడ పట్టుకుని వేటకి పోతుంది. ఒళ్ళంతా రిసెప్టర్లు పరుచుకుని ఉంటాయి కాబట్టి, ఏ పక్క ఫోలిక్ యాసిడ్ ఎక్కువ ఉంటే ఆ పక్క రిసెప్టర్లు ఎక్కువగా నిండుతాయి, ఆ పక్కనే లోపల యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పోగులుగా కట్టుకుని త్వచాన్ని ముందుకి తోస్తుంది, అదే మనం బొమ్మలో వేసే మిథ్యాపాదం. మన పుస్తకంలో మిథ్యాపాదాన్ని నడకకి వాడే అవయవంలా చెప్పి వదిలేస్తాం, ఏ దిక్కుకి చాచాలో ఎవరు చెప్పారు అన్న ప్రశ్న పిల్లల దాకా రాదు. నాకు ఇది చాలా పెద్ద లోటుగా అనిపిస్తుంది.

ఫోలిక్ యాసిడ్ పేరెత్తాక యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ముందుకి పోలేను. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసింది. అంతకు చాలా ముందు, 1929లో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని, అంటే కణాలు శక్తికి వాడుకునే పదార్థాన్ని, గుర్తించిన వాళ్ళలో ఆయన ఒకరు (అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనిపెట్టాడు). ఈ రెండు పదార్థాల్నీ గుర్తుపెట్టుకోండి, ఏటీపీ ఈ కథలోకి మళ్ళీ వస్తుంది. ఒక మట్టి అమీబా వేటాడే పదార్థమూ, అది తన జాతిని పిలుచుకునే పదార్థానికి మూలమూ రెండూ ఒకే తెలుగువాడి చేతుల మీదుగా వెళ్ళాయని క్లాసులో చెప్పిన రోజు వెనక బెంచీ కూడా తలెత్తి వింది.

ఫోలిక్ యాసిడ్‌ని పట్టే ఆ రిసెప్టర్ ఏదో చాలా ఏళ్ళు తేలలేదు. 2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో టియాన్ జిన్ బృందం దాన్ని పట్టుకుంది, పేరు ఎఫ్‌ఏఆర్1. ఆ జన్యువు తీసేసిన డిక్టీ కణాలు ఫోలిక్ యాసిడ్ వైపు పోలేకపోయాయి. ఇంతవరకు ఊహించదగ్గదే. కానీ అదే బృందం 2018లో ప్రచురించిన సంగతి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి అటూ ఇటూ నడిచాను. ఈ ఒక్క రిసెప్టరే ఇంకో పదార్థాన్ని కూడా పట్టుకుంటుంది: లైపోపాలీశాకరైడ్, ఎల్‌పీఎస్ అంటారు, ఈ.కోలై, క్లెబ్సియెల్లా, కలరా సూక్ష్మజీవి లాంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాల పైపొర నిండా ఉండేది. అంటే దూరం నుంచి కారి వచ్చే ఫోలిక్ యాసిడ్‌ని పసిగట్టిన ప్రోటీనే, దగ్గరకి వెళ్ళాక బ్యాక్టీరియా ఒంటి మీది ఎల్‌పీఎస్‌ని తాకి, ఇదే అది, మింగు అని చెప్తోంది. ఎఫ్‌ఏఆర్1 లేని కణాలు క్లెబ్సియెల్లాని సరిగ్గా మింగలేకపోయాయి కూడా. రిసెప్టర్ బయట కొసలో, మధ్యలో ఏదైనా చిక్కగానే రెండు పక్కలూ మూసుకునే ఒక భాగం ఉంటుంది, రెండు పదార్థాలూ అతుక్కునేది అక్కడే. వెతకడానికొకటి, పట్టడానికొకటి అని మనం విడదీసి ఆలోచిస్తాం, ఆ కణానికి అది మొదటి నుంచి చివరిదాకా ఒకటే పని.

మింగడం ఎలా ఉంటుందంటే, బ్యాక్టీరియా తగిలిన చోట త్వచం ముందు కొంచెం లోపలికి పల్లంగా అవుతుంది. ఆ పల్లం అంచులు పైకి లేస్తాయి, బ్యాక్టీరియా ఒంటిని తడుముకుంటూ, అడుగడుగునా రిసెప్టర్లు అతుక్కుంటూ, రెండు వైపుల నుంచీ పైకి పాకుతాయి. పైన అంచులు కలిసిపోతాయి, ఇప్పుడు బ్యాక్టీరియా ఒక చిన్న సంచిలో పడి లోపలికి వచ్చేసింది. కొద్ది నిమిషాల్లోనే ఆ సంచి గోడల్లోని పంపులు హైడ్రోజన్ అయాన్లని లోపలికి తోడి దాన్ని ఘాటైన ఆమ్లం చేస్తాయి, జింకు కూడా చేరుతుంది, తర్వాత ఎంజైములు వచ్చి పడతాయి, బ్యాక్టీరియా గోడ చిట్లి ముక్కలవుతుంది. పనికొచ్చేది కణం పీల్చుకుంటుంది, మిగిలిన చెత్తని బయటికి తోసేస్తుంది. పిల్లలు గీసే ఆహార రిక్తిక అనే ఆ చిన్న గుండ్రం లోపల జరిగేది ఇదీ.

బ్యాక్టీరియా మాత్రం ఊరికే చేతులు ముడుచుకుని ఎందుకు కూర్చుంటుంది? కోట్ల ఏళ్ళుగా తనని తింటున్న శత్రువుతో అది కూడా పోరాడడం నేర్చుకుంది. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చిన వాళ్ళు వింత న్యుమోనియాతో పడిపోయారు, కొందరు చనిపోయారు, దానికి కారణమైన బ్యాక్టీరియాకి లెజియోనెల్లా అని పేరు పెట్టారు. ఇది మామూలుగా బతికేది నీళ్ళలో, అది అమీబాల లోపల పెరుగుతుందని 1980లో ఇంగ్లండ్‌లో రోబోతమ్ చూపించాడు. అమీబా మింగుతుంది, సంచిలో పెడుతుంది, కానీ లెజియోనెల్లా ఆ సంచిని ఆమ్లం కానివ్వకుండా ఆపి, దాన్నే ఇల్లు చేసుకుని, అక్కడే పిల్లల్ని పెట్టి, చివరికి అమీబాని చీల్చుకుని బయటపడుతుంది. మన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినప్పుడు మాక్రోఫేజ్ అనే తెల్ల కణం మింగితే దానితో కూడా అదే ఆట ఆడుతుంది. అమీబా మీద నేర్చుకున్న విద్యనే మన మీద వాడుతోంది.

అంటే అమీబాకి ప్రతి ముద్దా ప్రమాదమే. తినడం మానితే ఆకలికి చస్తుంది, తింటే ఆ తిన్నదే చంపొచ్చు. భోజనానికీ యుద్ధానికీ మధ్య గీత గీసుకునే వీలు దానికి లేదు. వ్యాధి నిరోధకత అని మనం ఎంతో గొప్పగా చెప్పుకునే ఏర్పాటు అక్కడ, ఆ ముద్ద దగ్గర మొదలైందని నా అభిప్రాయం, ఇది నేను ఊరికే అంటున్నది కాదు, దీనికి ఆధారం ఉంది.

ఆ ఆధారం 2007లో హ్యూస్టన్ నుంచి వచ్చింది, బేలర్ వైద్య కళాశాలలో ఆడమ్ కుస్పా బృందం పని. దాన్ని చెప్పాలంటే డిక్టీ జీవితంలో రెండో సగం చెప్పాలి. మట్టిలో బ్యాక్టీరియా అయిపోయి ఆకలి మొదలైతే, ఈ ఒంటరి కణాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఆ పిలుపు సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం, అలలు అలలుగా వదులుతాయి, దాన్ని ఏటీపీ నుంచే తయారుచేస్తాయి, సుబ్బారావుగారి ఏటీపీ. ఆ అలని పట్టడానికి కణం మీద మళ్ళీ రిసెప్టర్లు. అలా వేలల్లో, ఒక్కోసారి లక్ష దాకా కణాలు ఒకచోట చేరి, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవున్న ఒక చిన్న జలగలాగా మారి, ఒకే ఒంటిగా వెలుతురు వైపు పాకుతాయి. పాకి పాకి ఒక చోట ఆగి, సుమారు ఐదో వంతు కణాలు ప్రాణం వదిలి కాడగా నిలబడితే, మిగిలినవి ఆ కాడ కొసన సిద్ధబీజాలు (గట్టి పెంకు కట్టుకుని మంచి రోజుల కోసం ఆగే కణాలు) అవుతాయి. ఆ కాడ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది.

జలగ పాకుతున్న ఆ కాలంలో లోపలి కణాలకి తిండి లేదు, అందరూ ఉపవాసమే, కానీ దారిలో మట్టిలోని బ్యాక్టీరియా జలగ ఒంట్లోకి దూరితే? కుస్పా బృందం చూసిందేమిటంటే, వంద కణాల్లో సుమారుగా ఒకటి మిగతావాటిలా కాకుండా జలగంతా తిరుగుతూ ఉంటుంది. బ్యాక్టీరియా కనిపిస్తే మింగుతుంది, విషపదార్థాలుంటే తనలోకి పీల్చుకుంటుంది, చివరికి ఆ భారంతో జలగ వెనక వదిలే జిగురులో ఉండిపోతుంది. జలగ శుభ్రంగా ముందుకి పోతుంది. వీటికి సెంటినెల్ కణాలు అని పేరు పెట్టారు, కాపలా కణాలు అనుకుందాం. ఈ కాపలా పనుల్లో కొన్నిటికి టిర్ఏ అనే ప్రోటీన్ తప్పనిసరి. మరి నన్ను కట్టిపడేసిన సంగతి ఏమిటంటే, ఆ టిర్ఏ లేకపోతే ఒంటరిగా తిరిగే మామూలు డిక్టీ కూడా బతికున్న బ్యాక్టీరియాని తిని బతకలేకపోయింది. తిండికీ కాపలాకీ ఒకే ప్రోటీన్. ఆహారం వెతుక్కోవడానికి పుట్టిన పాత పద్ధతే, జంతువులు రకరకాలుగా విస్తరించడానికి చాలా ముందే, రక్షణకి మళ్ళి ఉండొచ్చని ఆ పరిశోధకులే రాశారు.

2016లో అదే బృందం, జెనీవాకి చెందిన థియెరీ సోల్డాటీతో కలిసి ఇంకొంచెం ముందుకెళ్ళింది. బ్యాక్టీరియా గానీ, ఉత్త ఎల్‌పీఎస్ గానీ తగిలితే ఈ కాపలా కణాలు డీఎన్ఏని బయటికి విసురుతాయి. కళింగపట్నం ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో నిలబడి విసురువల వేసే మత్స్యకారుడిని చూశారా, చేతిలోంచి వల విడిపోయి గాల్లో గుండ్రంగా పరుచుకుని నీళ్ళ మీద వాలుతుంది చూడండి, ఆ పని. ఆ డీఎన్ఏ వలలో బ్యాక్టీరియా చిక్కుకుంటుంది, వలకి అంటుకుని ఉన్న పదార్థాలు దాన్ని చంపుతాయి. ఇందుకు టిర్ఏ కావాలి, ఆక్సిజన్‌ని తీవ్రమైన రూపంలోకి మార్చే ఎంజైములూ కావాలి, ఇవి పోతే జలగ బ్యాక్టీరియాని సరిగ్గా వదిలించుకోలేదు. మన రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు ఇలాంటి వలలే వేస్తాయని 2004లో తేలింది. మట్టిలోనూ మన రక్తంలోనూ ఒకటే విద్య.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, చాలామంది ఇలాంటి సంగతులు చెప్పేటప్పుడు ఉత్సాహంలో కలిపేస్తారు. టిర్ఏ పూర్తి రిసెప్టర్ కాదు, కణం లోపల ఉండే ప్రోటీన్. ఎఫ్‌ఏఆర్1 మన ఒంట్లో లేదు, మన ఎల్‌పీఎస్ రిసెప్టర్ వేరే. పోలిక ఉన్నది టిర్ అనే చిన్న ముక్కలో. మన కణాల మీద టోల్ లాంటి రిసెప్టర్లు అనే కుటుంబం ఉంది, వాటి లోపలి కొస ఈ టిర్ ముక్కే. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండు ఈగలో టోల్ అనే ప్రోటీన్ శిలీంధ్రాల నుంచి కాపాడుతుందని చూపింది, 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎల్‌పీఎస్‌ని గుర్తించడానికి ఎలుకల్లో టీఎల్‌ఆర్4 అవసరమని చూపింది, 2011లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కి ఒళ్ళు అదుపు తప్పి స్పందించడం) అని ఐసీయూ బయట డాక్టర్ చెప్తే కాళ్ళ కింద భూమి కదిలిపోయే మాట ఉంది కదా, అందులో చాలాసార్లు జరిగేది, ఎల్‌పీఎస్ మరీ ఎక్కువైపోయి ఈ రిసెప్టర్ల గంట ఆగకుండా మోగడమే. డిక్టీకి మింగు అని చెప్పేదీ, మనల్ని కూలదోయగలిగేదీ ఒకే ఎల్‌పీఎస్.

అసలు అమీబాకీ మన తెల్ల కణాలకీ ఉన్న ఈ చుట్టరికాన్ని గట్టిగా పట్టుకున్నది ఇలియా మెచ్నికోఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లలోకి గులాబీ ముల్లు గుచ్చి, మర్నాటికి ముల్లు చుట్టూ కదిలే కణాలు మూగడం చూశాడు. అమీబా తిన్నట్టే ఇవీ మింగుతున్నాయి, ఒంటిని కాపాడేది ఇవేనన్నాడు. 1908లో నోబెల్ వచ్చింది. ఇంత పాత సంగతి, అయినా మన పిల్లల పుస్తకాల్లో అమీబా ఒక చోట, తెల్ల రక్తకణాలు ఇంకో చోట, ఏళ్ళ తేడాతో వస్తాయి, రెండింటినీ కలిపే వాక్యం ఒక్కటి ఉంటే చాలు, కంఠస్థం అవసరమే ఉండదు.

అన్ని బ్యాక్టీరియానీ తినేయడమే డిక్టీ పని అనుకోకండి. 2011లో జోన్ స్ట్రాస్‌మన్, డేవిడ్ క్వెల్లర్ బృందం చూపించినట్టు, అడవి నుంచి తెచ్చిన డిక్టీల్లో సుమారు మూడో వంతు దొరికిన బ్యాక్టీరియానంతా తినకుండా కొంత మిగిల్చి, సిద్ధబీజాలతో పాటు మోసుకెళ్ళి, కొత్త చోట విత్తి పెంచుకుని తింటాయి. ఎవరిని చంపాలి, ఎవరిని ఉంచాలి అన్నదానికి లెక్టిన్లనే ప్రోటీన్లు సాయపడతాయని 2018లో కుస్పా బృందం రాసింది: లెక్టిన్ పూత పడిన బ్యాక్టీరియా కణం లోపల కూడా అరగకుండా బతికుంటుంది. మన పేగుల్లో కోట్లాది బ్యాక్టీరియాతో మన ఒళ్ళు కుదుర్చుకునే సర్దుబాటు గురించి ఇప్పుడు ఎక్కడ చూసినా మాట్లాడుతున్నారు, ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు ఈ డిక్టీ రైతులే గుర్తొస్తారు.

టీచర్లెవరైనా చదువుతుంటే, డిక్టీ మనకి దొరక్కపోయినా అమీబా తినడం చూపించవచ్చు. ఎండుగడ్డి గుప్పెడు తుంచి చెరువు నీళ్ళలో నానబెట్టి, మూత పూర్తిగా బిగించకుండా ఎండ తగలని చోట పెట్టండి. ముందు నీళ్ళు మసకబారి పైన పొర కడుతుంది, అది బ్యాక్టీరియా. ఇంకొన్ని రోజులాగి ఆ పొర నుంచీ అడుగు మడ్డి నుంచీ చెరో బొట్టు స్లైడు మీద వేయండి. వెంటనే కదపకండి, కాసేపు వదిలేస్తే ముడుచుకున్న అమీబాలు నెమ్మదిగా ఒళ్ళు విప్పుతాయి. వెలుతురు బాగా తగ్గించండి, ఎక్కువ వెలుతురులో అవి కనిపించకుండా పోతాయి, చాలామంది అమీబా దొరకలేదని వదిలేసేది ఇందుకే. గాజులాంటి అంచు ముందుకి సాగుతుంది, దాని వెనకే గింజ గింజలుగా జీవపదార్థం పారుతుంది, చుట్టూ ధూళిలా వణికే చుక్కలు బ్యాక్టీరియా, వాటిల్లో ఒకదాని దగ్గర అంచు ఆగి పల్లం పడితే పిల్లల్ని ఒక్కొక్కరిగా పిలవండి. ఆ నీళ్ళు ముక్కులోకీ కళ్ళలోకీ పోకుండా చూసుకోండి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే వాళ్ళు మరీ జాగ్రత్త, కొన్ని అమీబాలు కంటికి చెడ్డ జబ్బు చేస్తాయి. అయ్యాక స్లైడుల్ని బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళలో వేసి, పిల్లలందరి చేతా సబ్బుతో చేతులు కడిగించండి.